జీడిగింజ గిటారు పుట్టిన ఊళ్లకు

తిరిగొచ్చి నెల కావస్తోంది. కాళ్లు ఇంకా తెనాలిలో నిలబడడం లేదు. అన్నం తింటూ తింటూ లేచి వీధి గుమ్మం దాకా వెళ్లొస్తున్నానని మా ఆవిడ విసుక్కుంటోంది. కూర్చుని రాస్తే కాస్త కుదురు చిక్కుతుందేమోనని ఇది మొదలుపెట్టాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్లనివాళ్లకు అక్కడి తిండీ మాటా మనుషులూ కొంత తెలుస్తాయి. అయితే నేను వెళ్లింది ఊళ్లు చూడ్డానికి కాదు. నా గిటారుకు గొంతు పోయింది. దాని కోసం వెళ్లాను.

నేను ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాను. నా గిటారు ఏ కంపెనీదీ కాదు. లోపల బోలు లేని ఒకే పనస చెక్క, మీద ఎర్ర రంగు. రెండు పక్కలా సమానంగా ఉండదు, జీడిగింజలా ఒక వైపుకు వంగి ఉంటుంది. కంపెనీ గిటార్లకు పేరు రాసి ఉండేచోట దీనికి వీణ కొసన చెక్కినట్టు, సింహంలాంటి చిన్న యాళి ముఖం ఉంటుంది. గుడ్లు మిటకరించి, కోరలు బయటపెట్టి. కొత్తవాళ్లు చూసి నవ్వుతారు.

ఇది మా ప్రకాశం మాస్టారిది. నాకు గిటారు నేర్పింది ఆయనే. ఒంటరి మనిషి, మా వీధి చివర ఒక గదిలో ఉండేవారు. ఎక్కడివారని అడిగితే "పైనుంచి వచ్చాను" అనేవారు. గిటారు ఎక్కడిదంటే "బొబ్బిలి చెక్క" అనేవారు, అంతే. నాకు ఇరవై దాటిన కొత్తల్లో ఆయన పోయారు. నా అన్నవాళ్లెవరూ లేరనే మేమంతా అనుకున్నాం.

మొన్న చలికాలంలో ఒక పెళ్లిలో పాట మధ్యన గిటారు ఠక్కున ఆగిపోయింది. తీగల కింద అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టిన చిన్న దిమ్మ ఉంటుంది. దాన్ని పికప్ అంటారు. తీగల కదలిక దానికి అందితేనే స్పీకరులో శబ్దం వస్తుంది. బెజవాడలో రిపేరు చేసే ఆయన విప్పి చూసి, "లోపలెక్కడో తీగ తెగింది. ఇది ఎవరో చేత్తో చుట్టింది గురూ, తీసేసి కొత్తది బిగిద్దాం" అన్నాడు. బిగిస్తే మోగుతుంది. కానీ అది ఇంకొకరి గొంతు. కొన్నాళ్లు వేరే గిటారు వాయించాను. చెయ్యి కుదర్లేదు, నిద్రా పట్టలేదు. మే నెల చివర్లో సన్న రాగి తీగ ఉండ ఒకటి కొని, 'బొబ్బిలి చెక్క' అన్న మాస్టారి మాట పట్టుకుని, మూగ గిటారును భుజాన తగిలించుకుని రైలెక్కాను.

విజయనగరం

పొద్దున్నే దిగాను. మా వైపు ఎండ చుర్రుమంటుంది, అక్కడి ఎండ ఒంటికి అంటుకుంటుంది. స్టేషను బయట టీ తాగుతుంటే కొట్టు అతను గిటారు సంచీ చూసి, "ఏటండీ అది?" అన్నాడు. మా గుంటూరు వైపు 'ఏంది' అన్నామంటే తగువుకు వచ్చినట్టుంటుంది. అతని 'ఏటి' మాత్రం కుర్చీ వేసి కూర్చోమన్నట్టుంది. మాస్టారు కూడా కోపం వచ్చినప్పుడు 'ఏటి' అనేవారు. అది గుర్తొచ్చి టీ పూర్తిగా తాగలేకపోయాను.

టిఫిను కొట్లో ఇడ్లీ మీద పోసిన సాంబారు తియ్యగా తగిలింది. బెల్లం. పచ్చడి కారంగా ఉందా అని వడ్డించినావిడ అడిగితే తల ఊపాను. మా ఇంట్లో అయితే దాన్ని పచ్చడి అని ఎవరూ ఒప్పుకోరు. అయినా రెండో ప్లేటు తిన్నాను.

కోట చూసి వెళ్లండని అందరూ అన్నారు. కోట చుట్టూ ఒక తిరుగుడు తిరిగాను గానీ లోపలికి అడుగుపెట్టలేదు. గంటస్తంభం దగ్గర ఒకాయన మంచి చీరల కొట్టు చూపిస్తానన్నాడు. వద్దని బొబ్బిలి బస్సెక్కాను. గిటారును పైన సామాన్ల మీద పెట్టి కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి దాని మీద పెద్ద పనసకాయ ఉంది. పెట్టినావిడ నా మొహం చూసి, "ఏటవదులే బాబూ, అది కాయే గదా, బండరాయి కాదు" అంది. "నా సామాను పనస చెక్కమ్మా" అన్నాను. "అయితే మరేటి? తల్లీ పిల్లా ఒక్కసోట కూకున్నాయి" అని బస్సంతా నవ్వించింది. దిగేటప్పుడు చూస్తే సంచీ నిండా జిగురు. ఆ జిగురు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బొబ్బిలి పక్క ఊరు

వీణలు చేసేవాళ్ల ఊరు బొబ్బిలికి దగ్గర్లోనే ఉంది. ఇళ్ల ముందు దుంగలు, చెక్కపొట్టు, తడి పనస చెక్క వాసన. ఒక అరుగు మీద అరవై దాటిన మనిషి వీణ కుండను లోపలినుంచి బాడిసెతో తొలుస్తున్నాడు. పేరు అప్పలస్వామి. నేను ఏమీ చెప్పకుండా సంచీ విప్పాను. ఆయన బాడిసె కింద పెట్టి యాళి ముఖాన్ని బొటనవేలితో తడిమాడు.

"ఇది మా నాయన సేసింది. ఈ గుడ్లు సూడు. కోపం మనిషి. ఆయన సేసిన యాళులన్నీ ఇలగే సూస్తాయి" అన్నాడు.

మంచినీళ్లు ఇప్పించి కథంతా చెప్పాడు. చాలాకాలం కిందట శ్రీకాకుళంలో మిషన్ బడి పాటల మాస్టారు ఒకాయన ఉండేవాడట. అక్కడికి వచ్చిన ఒక కెనడా దొరగారి కొడుకు దగ్గర అమెరికాలో తయారైన ఎలక్ట్రిక్ గిటారు ఉండేది. బోలు లేని చెక్క గిటారును ఈ వైపు ఎవరూ చూడలేదు. దొరల కుటుంబం వెళ్లిపోయేముందు ఆ మాస్టారు గిటారును అట్ట మీద పడుకోబెట్టి చుట్టూ గీత గీసుకుని, అట్ట కత్తిరించి, బస్సులో ఇక్కడికి తెచ్చాడు.

"మా నాయన ఆ అట్ట సూసి, 'కుండ నేదు, దండి నేదు, ఇదేటి వీణ? పీటా?' అన్నాడు. మాస్టారు ఎల్లలేదు. మూడు రోజులు ఈ అరుగు మీదే కూకున్నాడు. ఆకరికి మా నాయనే ఒప్పుకున్నాడు. మొదటిది పచ్చి సెక్క, పగిలిపోనాది. రొండోది మొయ్యలేకపోనారు. మూడోది ఇలగ వొచ్చింది. జీడిగింజ గిటారు అని మేమే పేరెట్టాం. తరవాత ఇంకో మూడో నాలుగో సేసినాం. బరంపురం జాత్రా నాటకాల పార్టీవోల్లు ఒకటి పట్టుకెల్లినారు. పర్లాకిమిడి ఒకటి ఎల్లింది. అయ్యన్నీ ఏటయ్యాయో తెల్దు."

"యాళి ఎందుకు పెట్టారు?"

"మా నాయన పెట్టకుండా ఏదీ బయటికి పంపడు. 'మొకం నేనిది పలకదు' అనీవోడు."

పికప్ గురించి అడిగాను. "ఆ తీగ పనులు మాకు తెల్దు. అయి మాస్టారి సెల్లి సుట్టీది. రూతమ్మ. కుట్టు టీచరు. శ్రీకాకుళంలోనే ఉన్నాది" అని, నా వైపు తిరిగి అడిగాడు. "ప్రకాశం మాస్టారు బాగున్నారా? ఎప్పుడో ఊరొదిలి ఎల్లిపోనారన్నారు. ఆ సెల్లి పండగకీ పబ్బానికీ కబురెడతాది, 'మా అన్న మీకాడికి ఎప్పుడైనా వొచ్చినాడా' అని."

లేరని చెప్పి, ఆవిడకు ఆ కబురు నేనే చెబుతానన్నాను. మాస్టారు పోయి పాతికేళ్లు కావస్తోంది. అంతకన్నా లోపల ఇంకేదో తగిలింది. మిషన్ బడి, రూతమ్మ. మాస్టారు క్రైస్తవులన్న సంగతి మాకెవరికీ తెలియదు. అమ్మవారి జాతరల్లో వాయించి ప్రసాదం తినేవారు. పేరు ప్రకాశరావు. మాకు అనుమానమే రాలేదు. మా పద్ధతిలోనే దహనం చేశాం. చితికి నిప్పు పెట్టింది నేనే. కృష్ణలో బూడిద కలిపింది నేనే.

అప్పలస్వామి ఇంట్లో అన్నం పెట్టారు. పనసపొట్టులో ఆవ వేసి వండారు. ఆ కూర మా ఇంట్లోనూ చేస్తారు గానీ ఇంత ఘాటుగా కాదు. రుచి తెలుస్తూనే ఉంది, అయినా సగంలోనే చెయ్యి కడిగేశాను.

రాజాం

మర్నాడు శ్రీకాకుళం వెళ్లాలంటే రాజాంలో బస్సు మారాలి. అక్కడ దిగగానే ఎదురుగా విజయనగరం బస్సు కనిపించింది. ఎక్కాను. కూర్చున్నాను. మాస్టారి చెల్లెలికి ఏ మొహంతో ఎదురుపడాలి అనుకున్నాను. సాయంత్రానికి రైలు దొరుకుతుంది. కొత్త పికప్ బిగించుకోవచ్చు. దిగాను. మళ్లీ ఎక్కాను. చివరికి గిటారు కమ్మీకి తగులుకుని కండక్టరు విసుక్కుంటే దిగిపోయాను.

తాటిముంజలు అమ్మే ఒకామె ఇదంతా చూస్తోంది. "ఎక్కినావు, దిగినావు, మల్లీ ఎక్కినావు. ఏటి బాబూ, ఇంటికాడ తగువా?"

"ఒకావిడకు చావు కబురు చెప్పాలి."

"ఎవులికి?"

"నాకు తెలియనావిడకు. ఆవిడ అన్నగారు పోయారు. చాలా ఏళ్లయింది."

ఆమె ముంజ ఒలుస్తూనే అంది. "సావుకబురు సల్లగా సెప్తావేటి? ఇన్నాళ్లు సల్లారింది సాలదా? బేగి ఎల్లి సెప్పీ. అదిగో నీ బస్సు." ముంజలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. పరుగెత్తి ఎక్కాను. కూర్చున్నాక చూస్తే ముంజల నీళ్లు చొక్కా మీదంతా కారాయి.

శ్రీకాకుళం

నాగావళికి దగ్గర్లో పాత మిషన్ పేట. పెంకుటిళ్ల మధ్య కొత్త డాబాలు, గుమ్మాల మీద శిలువలు. వాళ్లు గుడి అనే చర్చి లోపలినుంచి డ్రమ్సు, కీబోర్డు వినిపించాయి. ఎవరో ఎలక్ట్రిక్ గిటారు శ్రుతి చేసుకుంటున్నారు. రూతమ్మగారి ఇల్లు అడిగితే నలుగురు చూపించారు. ఆ పేటలో సగం మందికి బట్టలు కుట్టడం నేర్పింది ఆవిడేనట.

ఎనభైకి దగ్గర పడిన మనిషి. తెల్ల చీర, మందపాటి కళ్లద్దాలు, వణుకుతున్న చేతులు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నన్ను కాదు, నా భుజం మీది సంచీని చూసింది. సంచీలోనుంచే ఆ ఆకారం పోల్చుకుంది.

"ఎక్కడిదది?"

"తెనాలినుంచి తెచ్చానమ్మా. నేను ప్రకాశం మాస్టారి శిష్యుణ్ణి. రమణ అంటారు."

"మా అన్న బతికున్నాడా?"

నేను వారం రోజులు కూడబలుక్కున్నా రాని మాట ఆవిడ ఒక్క ముక్కలో అడిగేసింది. "లేరమ్మా" అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. "ఎప్పుడు? ఏటొచ్చింది? కాడ ఎవులున్నారు?" అని వరసగా అడిగింది. కామెర్లు వచ్చాయని, మా అమ్మ జావ కాచి పంపేదని, ఆర్కెస్ట్రా వాళ్లం వంతులు వేసుకుని దగ్గర పడుకున్నామని చెప్పాను.

"వాయించీవోడా?"

"చివరి దాకా. ఆదివారం పొద్దున మాత్రం ఎవర్నీ రానిచ్చేవారు కాదు. తలుపు వేసుకుని ఒక్కరే వాయించుకునేవారు."

అప్పుడు ఏడ్చింది. పక్కింటివాళ్లు వచ్చి చూసి వెళ్లారు. నేను నిలబడలేక, కూర్చోలేక గుమ్మంలోనే అటూ ఇటూ తిరిగాను.

కాసేపటికి ఆవిడే చెప్పింది. వాళ్ల నాన్న సంఘ పెద్ద. గిటారు గుళ్లో మోగిన మొదటి ఆదివారమే పెద్దలంతా లేచి, ఇది సినిమా వాయిద్యం, దేవుని మందిరంలో పనికిరాదన్నారు. ఇంటికొచ్చాక నాన్న, "ఆ పెట్టె కావాలో, ఈ ఇల్లు కావాలో తేల్చుకో" అన్నాడు. అన్న పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు. "నాయన బతికున్నన్నాళ్లూ రానని ఒట్టేసినాడు. నాయన పోయినాడని ఆడికి సెప్పీవోల్లెవులు? ఎక్కడున్నాడో తెలిస్తే గదా. ఇప్పుడు సూడు, గుళ్లో గిటార్లు మూడున్నాయి."

లోపలినుంచి మజ్జిగ తెప్పించి ఇచ్చింది. నేను తాగుతుంటే అడిగింది. "ఎక్కడ పెట్టినారు ఆడిని?"

"తెనాలిలోనేనమ్మా."

"నాయనా అమ్మా పక్కన ఆడికి జాగా ఉంచినాను. ఎవులడిగినా ఇయ్యలేదు. పోనీలే. నాను తెనాలి వొస్తాను. ఆ సమాది ఒకసారి సూడాల."

సమాధి లేదని ఆ క్షణంలో చెప్పలేకపోయాను. గిటారు మూగబోయిందనీ, అది చుట్టిన చెయ్యి కోసం వెతుక్కుంటూ వచ్చాననీ మాత్రం చెప్పాను. ఆవిడ గిటారు వైపు చెయ్యి చాపలేదు. "ఇంట్లో పెట్టకు. ఆ పెట్టే గదా మా అన్నని పట్టుకెల్లింది. రేపు నాను ఎవులితోనూ మాటాడను. ఎల్లుండి రా" అంది.

శ్రీముఖలింగం

లాడ్జి గది నాలుగు గోడల మధ్య ఉండలేకపోయాను. పొద్దున్నే కనిపించిన బస్సెక్కితే అది శ్రీముఖలింగం తీసుకెళ్లింది. వంశధార ఒడ్డున పాత గుడి, గోడల నిండా శిల్పాలు. మా వైపు లింగానికి ముఖం ఉండదు, ఇక్కడ లింగం మనల్ని చూస్తుందంటారు. ఒడిశానుంచి వచ్చిన ఒక కుటుంబం వరసలో నా ముందు నిలబడింది. ముసలాయన తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతున్నాడు. నా సంచీ చూసి వాయించమన్నాడు. పలకదని చెప్పాను. "పలకనిది మోసుకుని ఎందుకు తిరుగుతన్నావు?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా అటుకులూ బెల్లమూ ఇచ్చాడు.

నది ఒడ్డుకు వెళ్లాను. నీళ్లు సన్నగా ఉన్నాయి. ఎవరో అస్థికలు కలిపి, తడి బట్టలతో మెట్లెక్కుతున్నారు. కృష్ణలో మాస్టారి బూడిద కలిపిన పొద్దు గుర్తొచ్చింది. ఆ పొద్దున నాకు దుఃఖం ఉంది గానీ అనుమానం లేదు. కొడుకు లేని మనిషికి కొడుకు పని చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఆవిడ తెనాలి బయల్దేరితే ఏ రాయి చూపించను? ఎవరిదో సమాధి చూపించి దణ్ణం పెట్టించవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. తిరుగు బస్సులో సీటు ఖాళీగానే ఉన్నా శ్రీకాకుళం దాకా నిలబడే వచ్చాను.

కుట్టుమిషను ముందు

చెప్పిన రోజున వెళ్లి, చెప్పులు విప్పకుండానే చెప్పేశాను. "అమ్మా, మాస్టారికి సమాధి లేదు. ఆయన క్రైస్తవులని మాకు తెలియదు. దహనం చేశాం. బూడిద కృష్ణలో కలిపాం."

వీధిలో చేపలమ్మే ఆమె కేక వేసుకుంటూ వచ్చింది, పోయింది.

"ఎవులు నిప్పెట్టినారు?"

"నేనే."

"నీకెన్నేళ్లు అప్పుడు?"

"ఇరవై దాటాయి."

"కర్మలూ అయీ సేసినావా?"

"పదో రోజు దాకా అన్నీ చేశాను. గుండు చేయించుకున్నాను."

తరువాత ఆవిడ అన్న మాట నేను ఊహించనిది. "అయితే ఆ పెట్టెనే పెట్టీద్దాం. ఆడి జాగాలో. ఆడు మిగిలింది అందులోనే గదా."

నా చెయ్యి తెలియకుండానే సంచీ మీదికి వెళ్లింది. అది నా బతుకుతెరువు. అంతకన్నా ఎక్కువే. కానీ ఆవిడకు అన్నగారి ఎముక ముక్క కూడా మిగలకుండా చేసింది నేను. కాదనడానికి నాకేం హక్కుంది? "సరేనమ్మా" అన్నాను.

"మూగదాన్ని మాత్రం పెట్టను. ఒకసారి పలకాల. తే ఇలగ."

మంచం పక్కనున్న కుట్టుమిషను మీది గుడ్డ తీయించింది. అప్పట్లో పాత టెలిఫోను గంటల్లోంచి సన్న తీగ తీసి, దారం కండె చుట్టే చిన్న చక్రానికి పికప్ దిమ్మను తగిలించి చుట్టేదట. నా దగ్గరున్న రాగి తీగను వేళ్ల మధ్య నలిపి, "ఇది మంచిదే" అంది. పాత చుట్టను చెదరకుండా ఊడదీసి ఒక గుడ్డలో పెట్టించింది. ఆవిడ చేతులు వణుకుతాయి కాబట్టి చక్రం తిప్పడం నా వంతు. తీగ ఆవిడ చూపుడువేలి మీదుగా వెళ్తుంది. బిగువెంతో ఆ వేలికి తెలియాలి.

"తిప్పు. మెల్లగా. బేగి తిప్పకు. ఆగు."

వెంట్రుకంత తీగ. చుట్టు మీద చుట్టు, వేల చుట్లు. నాకేమో ఒకచోట కూర్చోవడమే రాదు. కాలు ఆడిస్తూ ఉన్నాను. తీగ తెగింది.

"నీ కాల్లో పురుగున్నాదేటి? మా అన్నా అంతే. ఆడి పక్కన కూకుంటే మంచం ఊగీది."

మొదటినుంచి మళ్లీ. రెండోసారి సగం దాకా వచ్చాక తెగింది. మధ్యాహ్నం సోడి అంబలి, ఉల్లిపాయ, ఎండుచేప వేపుడు పెట్టింది. మా వైపు రాగులు అంటాం, అక్కడ చోళ్లు, సోడి అంటారు. మూడోసారి కూర్చునేముందు ఆవిడ నా మోకాలి మీద తన చెయ్యి పెట్టి గట్టిగా అదిమింది. ఆ చెయ్యి వణుకుతోంది, నా కాలు ఆడుతోంది. కాసేపటికి రెండూ ఆగాయి. ప్రతి చుట్టుకూ ఈ గిటారు మట్టిలోకి దగ్గరవుతోందని నాకు తెలుసు. అయినా చెయ్యి తొందరపడలేదు, ఆలస్యమూ చెయ్యలేదు. ఎండ వాలేసరికి దిమ్మ నిండింది.

పాస్టరుగారికి ఫోను చేయిస్తే ఆయన స్కూటరు మీద చిన్న స్పీకరు తెచ్చారు. ముప్పై దాటని మనిషి. యాళిని చూసి ముచ్చటపడి ఫోటో తీసుకున్నారు. తీగలు బిగించి, శ్రుతి చేసి, ఒక్క మీటు మీటాను.

పలికింది. మా మాస్టారి గదిలో నేను పిల్లాడిగా గడప మీద కూర్చుని విన్న గొంతే. రూతమ్మగారు తల ఒక పక్కకు వాల్చి వింది. "అదే. కాస్త ముక్కుతో మాటాడతాది. అప్పుడూ అంతే. ఇంకా వాయించు."

ఏం వాయించానో గుర్తులేదు. చేతికొచ్చింది వాయించుకుంటూ పోయాను. ఇదే ఆఖరు అనుకుంటే ఆపబుద్ధి కాలేదు. పిల్లలు గుమ్మం దగ్గర మూగారు. గుళ్లో గిటారు వాయించేవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. చివరికి చేతులు నొప్పెట్టి ఆపాను. తీగల మీద అరచెయ్యి వేసి, గిటారును భుజంనుంచి తీసి, ఆవిడ ముందు మంచం మీద పడుకోబెట్టాను.

ఆవిడ మొదటిసారి దాన్ని ముట్టుకుంది. యాళి ముఖం మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. తరువాత నా వైపు తోసింది.

"పలికీదాన్ని ఎలగ పాతీమంటావు? తియ్యి. సంచీలో పెట్టుకో."

గుడ్డలోని పాత చుట్టను చేతిలోకి తీసుకుంది. "ఇది సాలు. ఇది నా సేత్తో సుట్టింది. ఆడు ఇన్నేళ్లు దీంతోటే మాటాడినాడు. ఇప్పుడిది సచ్చిపోనాది, ఆడూ పోనాడు. దీన్నే పెడదాం."

పాస్టరుగారు కాస్త తటపటాయించారు. "దేహం లేకుండా ప్రార్థన అంటే..."

"దేహం ఏ నీటిలో ఉన్నాదో దేవుడికి తెలీదేటి? మీరు ప్రార్దన సెయ్యండి బాబూ."

సమాధుల తోట

పొద్దున్నే వెళ్లాం. రాత్రి గాలివాన కొట్టి వెలిసింది. తోటలో సున్నం వేసిన శిలువల కింద ఎర్రమట్టి మెత్తగా ఉంది. తల్లిదండ్రుల సమాధుల పక్కన చిన్న గుంట తవ్వించారు. పేటవాళ్లు పాతికమంది దాకా వచ్చారు. మాస్టారిని చూసి ఎరిగినవాళ్లు అందులో ఇద్దరో ముగ్గురో. వాళ్లలో ఒకాయన కర్ర మీద ఆనుకుని, "మా నాన్న కూడా ఆ రోజు లేచి వద్దన్నాడమ్మా" అన్నాడు. రూతమ్మగారు తల ఊపింది.

పాస్టరు ప్రార్థన చేశారు. మా వైపు చావు దగ్గర డప్పు మోగుతుంది, ఏడుపు మోగుతుంది. ఇక్కడ అందరూ నిలబడి నెమ్మదిగా పాడారు. నాకు ఆ పాట మాటలు రావు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. గుడ్డమూటను గుంటలో పెట్టాక మట్టి వెయ్యాలి. ఎవరు ముందు వెయ్యాలని పాస్టరు అటూ ఇటూ చూశారు. రూతమ్మగారు నా మోచెయ్యి పట్టుకుని ముందుకు నెట్టింది. "ఈడే. నిప్పెట్టినోడు మన్నెయ్యడా?"

గుప్పెడు తడి మట్టి వేశాను. తరువాత ఆవిడ వేసింది. తరువాత అందరూ.

అదే రోజు నా బస్సు. వద్దంటున్నా వినకుండా ఆవిడ రిక్షాలో బస్సు కాంప్లెక్సు దాకా వచ్చింది. దారిలో పలాస జీడిపప్పు పొట్లం కొని నా సంచీలో కుక్కింది. నీళ్ల సీసా, చేప వేపుడు పెట్టిన అన్నం మూట ఇచ్చింది. నేను తినే తిండి గురించి, మా ఆవిడ గురించి, పిల్లల గురించి అప్పుడే మొదటిసారి అడిగింది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరకొచ్చి నిలబడింది.

"వెళ్లొస్తానమ్మా" అన్నాను.

"అమ్మా ఏటి?" అని కసిరింది. "ఆడికి కొడుకు పని సేసినావు. అన్న కొడుక్కి నానేటవుతాను?"

బస్సు కదిలింది. కిటికీలోంచి బయటికి వంగాను.

"అత్తా!" అని అరిచాను. బస్టాండులో జనమంతా తిరిగి చూశారు. ఆవిడ మాత్రం అప్పటికే రిక్షా అబ్బాయితో బాడుగ దగ్గర తగువుపడుతూ, చెయ్యి ఒకటి వెనక్కి ఊపింది.